పెరూ వెళ్తున్నారా? ఇండియన్ పాస్‌పోర్టుతో లిమాలో దిగాలంటే ఏమేం కావాలి

మాచు పిచ్చు చూడాలనుకునే మనవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: “అమెరికా వీసా ఉంటే పెరూకి వీసా అక్కర్లేదట, నిజమేనా?” నిజమే. కానీ ఆ ఒక్క ముక్క పట్టుకుని టికెట్లు కొనేసి, తీరా చెక్-ఇన్ కౌంటర్ దగ్గర తల పట్టుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. పెరూ ఇమ్మిగ్రేషన్‌తో మామూలుగా పెద్ద ఇబ్బందేమీ ఉండదు, ఎన్ని రోజులు ఉంటారు, ఎక్కడ ఉంటారు అని అడిగి పంపించేస్తారు. చిక్కులన్నీ దానికి అటూ ఇటూ ఉంటాయి. విమానం ఎక్కించుకునే ఎయిర్‌లైన్ దగ్గర, మధ్యలో దిగే దేశంలో, తిరిగి ఇండియాలోనో అమెరికాలోనో అడుగుపెట్టేటప్పుడు.

ఇదంతా ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళ కోసం. అమెరికన్ పాస్‌పోర్టుతో పాటు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) ఉన్నవాళ్ళు టూరిస్టుగా వెళ్ళడానికి వీసా గొడవ లేదు, 2, 3 అంకెలు వదిలేసి మిగతాది చదువుకోండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి:

- పెరూలో దిగే రోజుకి కనీసం 6 నెలల గడువు, రెండు మూడు ఖాళీ పేజీలు ఉన్న పాస్‌పోర్టు
- వీసా మినహాయింపుకి పనికొచ్చే వేరే దేశపు వీసా లేదా పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) కార్డు, అవి లేకపోతే పెరూ వీసా
- తిరుగు టికెట్, లేదా పెరూ నుంచి ఇంకో దేశానికి వెళ్ళే టికెట్
- కనీసం మొదటి కొన్ని రాత్రుల హోటల్ బుకింగ్
- ఎల్లో ఫీవర్ టీకా కార్డు
- వీటన్నిటి ప్రింట్లు. ఫోన్లో ఉన్నాయి కదా అనుకోకండి, అంత దూరం ప్రయాణం చేసి దిగేసరికి ఛార్జింగ్ ఉంటుందన్న గ్యారంటీ లేదు.

1. పాస్‌పోర్టు తీసి పేరు చూసుకోండి

గడువు అందరూ చూస్తారు, పేరు ఎవరూ చూడరు. మన ఇంటిపేర్ల గందరగోళం సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరుతో సహా మొత్తం గివెన్ నేమ్‌లో ఉంటుంది. అలాంటివాళ్ళ అమెరికా వీసా చూస్తే ఆ పేరంతా సర్‌నేమ్ గడిలోకి వెళ్ళిపోయి, గివెన్ నేమ్ దగ్గర “ఎఫ్ఎన్‌యూ” (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని ఉంటుంది. ఇక విమానం టికెట్ దగ్గర ఒకలా, మాచు పిచ్చు టికెట్ దగ్గర ఒకలా, టీకా కార్డు మీద మరోలా రాస్తే ఒకే మనిషికి మూడు పేర్లవుతాయి.

పాస్‌పోర్టునే ఆధారం చేసుకోండి. సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్ళు టికెట్ మీద పేరు ఎలా రాయాలో డబ్బు కట్టకముందే ఎయిర్‌లైన్‌ని అడగండి, ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో పద్ధతి. ట్రావెల్ ఏజెంటు “ఏం పర్లేదండీ” అంటే సరిపోదు. కౌంటర్ దగ్గర నిలబడేది మీరే.

2. పెరూ వీసా అక్కర్లేదా? మీ చేతిలో ఉన్న వీసా చూడండి

2017 మార్చి నుంచి ఉన్న రూలు ఇది: అమెరికా, కెనడా, యూకే, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాలు (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు), వీటిలో ఏదో ఒకదాని వీసా ఉండి, దానికి ఇంకా కనీసం 6 నెలల గడువు ఉంటే, లేదా ఆ దేశాల్లో పర్మనెంట్ రెసిడెన్సీ ఉంటే, ఇండియన్లు టూరిజం కోసం పెరూకి వీసా లేకుండా వెళ్ళొచ్చు. ఇందులో అందరూ మర్చిపోయే మాట ఆ “ఇంకా 6 నెలల గడువు”. మీరు పెరూలో దిగే రోజు నుంచి లెక్కపెట్టాలి.

ఎవరెవరికి ఎలా పని చేస్తుందో చూద్దాం.

బీ1/బీ2 (అమెరికా విజిటర్ వీసా): మనవాళ్ళకి మామూలుగా పదేళ్ళకి ఇస్తారు కాబట్టి పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చే అమ్మానాన్నలకి ఇదే అన్నిటికంటే సులువు. వీసా పాత పాస్‌పోర్టులో ఉండిపోతే రెండు పాస్‌పోర్టులూ తీసుకెళ్ళండి. కొత్తదొక్కటే పట్టుకెళ్తే మీకు వీసా ఉందని చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

గ్రీన్ కార్డు: చెల్లుబాటులో ఉన్న కార్డు వెంట ఉంటే చాలు.

హెచ్1బీ, హెచ్4, ఎల్1 (అమెరికా ఉద్యోగ వీసాలు, వాళ్ళ కుటుంబ వీసాలు): ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఐ-797 అప్రూవల్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే కాగితం) మీద ఇంకా రెండేళ్ళు ఉంటుంది, పాస్‌పోర్టులో స్టాంపింగ్, అంటే వీసా గడువు మాత్రం ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. అమెరికాలో ఉద్యోగం చేసుకోవడానికి అది చాలు గానీ పెరూకి చాలదు. ఐ-797 వీసా కాదు, పాస్‌పోర్టులో అతికించిన వీసాకే గడువు ఉండాలి. పైగా తిరిగి అమెరికా రావడానికీ ఆ వీసా కావాల్సిందే. “మా ఫ్రెండ్ స్టాంపింగ్ గడువు తీరినా మెక్సికో వెళ్ళొచ్చాడు” అని ఎవరైనా అంటే, అది ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు. హెచ్1బీ వాళ్ళకి అది కెనడా, మెక్సికోల్లో 30 రోజుల లోపు ప్రయాణాలకే పనిచేస్తుంది, పెరూకి పనిచేయదు. కాబట్టి స్టాంపింగ్ గడువు తీరినవాళ్ళు పెరూ వీసా విడిగా తెచ్చుకున్నా సరే, తిరిగి అమెరికా విమానం ఎక్కలేరు. అడ్వాన్స్ పరోల్ (గ్రీన్ కార్డు అప్లికేషన్ నడుస్తుండగా అమెరికాకి తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి) మీద తిరిగేవాళ్ళకి తిరిగి రావడం వరకు దారి ఉంది గానీ అడ్వాన్స్ పరోల్ అనేది వీసా కాదు, పర్మనెంట్ రెసిడెన్సీ అంతకన్నా కాదు. వాళ్ళు పెరూ వీసా సంగతి ముందే కాన్సులేట్‌లో అడిగి తెలుసుకోవాలి.

ఎఫ్1 (అమెరికా స్టూడెంట్ వీసా): వీసా గడువుతో పాటు ఐ-20, అంటే కాలేజీ ఇచ్చే కాగితం మీద ట్రావెల్ సంతకం చూసుకోండి. చదువుతున్నవాళ్ళకి ఆ సంతకం ఏడాది చెల్లుతుంది, ఓపీటీలో, అంటే చదువుకి సంబంధించిన ట్రైనింగ్ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి 6 నెలలే. స్ప్రింగ్ బ్రేక్‌కి నలుగురు కలిసి బయల్దేరితే ఒకడి సంతకం పాతబడి ఉండటం మామూలే.

షెంగెన్: “పోయినేడు పారిస్ వెళ్ళాం, షెంగెన్ వీసా ఉంది” అంటారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ట్రిప్పుకి సరిపడా కొద్ది రోజులకే ఇస్తారు కాబట్టి అది పనికిరాదు. 2024 ఏప్రిల్ నుంచి ఇండియన్లకి వచ్చిన కొత్త పద్ధతి ప్రకారం, గడిచిన మూడేళ్ళలో రెండు వీసాలు సరిగ్గా వాడుకున్నవాళ్ళకి రెండేళ్ళ వీసా దొరికే వీలుంది. అలాంటిది ఉంటే ఇబ్బంది లేదు.

యూకే: ఇందులో ఒక మెలిక ఉంది. మామూలు విజిటర్ వీసా ఇచ్చేదే 6 నెలలకి. లండన్ తిరిగొచ్చి నెలయ్యాక పెరూ అనుకుంటే మిగిలేది 5 నెలలు, లెక్క తప్పింది. రెండేళ్ళదో ఐదేళ్ళదో ఉంటే సరే.

ఆస్ట్రేలియా వీసా పాస్‌పోర్టులో అతికించరు, యూకే కూడా ఈ-వీసాలకి మారింది. అలాంటివాళ్ళు గ్రాంట్ లెటర్, ఆన్‌లైన్‌లో గడువు కనిపించే పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి.

సరిచూసుకోవడం ఎలా? ఎయిర్‌లైన్ కౌంటర్లో వాళ్ళు చూసేది టిమాటిక్ అనే డేటాబేస్. అందులో “వీలుపడదు” అని వస్తే మీరు ఎంత వాదించినా బోర్డింగ్ పాస్ ఇవ్వరు, ఎందుకంటే మిమ్మల్ని వెనక్కి పంపాల్సి వస్తే ఆ భారం వాళ్ళ మీద పడుతుంది. అదే సమాచారం ఐఏటీఏ (ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం) వాళ్ళ ట్రావెల్ సెంటర్ సైట్లోనూ, చాలా ఎయిర్‌లైన్ల వెబ్‌సైట్లలోనూ మీరే చూసుకోవచ్చు. పాస్‌పోర్టు దేశం, మీకున్న వీసా, మధ్యలో దిగే ఊళ్ళు అన్నీ సరిగ్గా ఇవ్వండి, వచ్చిన పేజీని ప్రింట్ తీసుకోండి. రూల్స్ మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు ఒకసారి, బయల్దేరే వారంలో ఒకసారి చూడండి. నేను రాసింది కూడా అలాగే సరిచూసుకోండి.

3. పెరూ వీసా కావాల్సిందే అయితే

ఇండియాలో ఉన్నవాళ్ళు న్యూఢిల్లీలోని పెరూ ఎంబసీ ద్వారా అప్లై చేయాలి. అమెరికాలో ఉన్నవాళ్ళు తమ రాష్ట్రం ఏ పెరూ కాన్సులేట్ కిందికి వస్తుందో చూసుకుని అక్కడే చేయాలి. అప్లికేషన్, ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉద్యోగం లెటర్, టికెట్ రిజర్వేషన్, హోటల్ బుకింగులు, ఇలా మనకి అలవాటైన కాగితాలే అడుగుతారు. ఏ కాన్సులేట్ సరిగ్గా ఏమేం అడుగుతుందో వాళ్ళ సొంత పేజీలోనే చూడండి.

వీసా చేతికొచ్చే దాకా రీఫండ్ రాని టికెట్లు కొనొద్దు. మధ్యలో వేరే సైట్లు కనిపిస్తాయి, చూడటానికి ప్రభుత్వ సైటులాగే ఉంటాయి, వాటిలో డబ్బు కట్టకండి.

4. దారిలో దిగే దేశం సంగతి చూడండి

శంషాబాద్ నుంచే కాదు, ఇండియాలో ఏ ఊరి నుంచీ లిమాకి నేరుగా విమానం లేదు. ఒకటో రెండో చోట్ల మారాలి.

అమెరికా మీదుగా వెళ్తే, అక్కడ బయటికి రాకుండా విమానం మారే పద్ధతి లేదు. రెండు గంటలు ఆగినా ఇమ్మిగ్రేషన్ దాటాలి, అంటే బీ1/బీ2 లాంటి అమెరికా వీసా గానీ సీ1 ట్రాన్సిట్ వీసా గానీ ఉండాలి.

యూరప్ మీదుగా అయితే ఒక్కో దేశానికి ఒక్కో రూలు. కొన్నిచోట్ల ఇండియన్లకి ఎయిర్‌పోర్టు ట్రాన్సిట్ వీసా అడుగుతారు, చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా వీసాలుంటే మాత్రం షెంగెన్ రూల్స్‌లో దాని నుంచి మినహాయింపు ఉంది. అయితే ఈ మినహాయింపు ఎయిర్‌పోర్టు లోపలే ఉండి విమానం మారేవాళ్ళకి మాత్రమే. చౌకగా వస్తుందని హైదరాబాద్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి ఒక టికెట్, అక్కడి నుంచి లిమాకి ఇంకో టికెట్ విడివిడిగా కొంటే, సూట్‌కేసు తీసుకోవడానికి బయటికి రావాలి, మళ్ళీ చెక్-ఇన్ చేయాలి. బయటికి రావాలంటే షెంగెన్ వీసా కావాలి. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్‌లో ఉండేలా కొనండి, పదివేలు ఎక్కువైనా సరే.

5. ఎల్లో ఫీవర్ టీకా: పెరూ కోసం కాదు, ఇండియా కోసం

దీని గురించి ఎంత చెప్పినా చాలామందికి ఎక్కదు. “పెరూ వాళ్ళు అడగలేదు కదా” అంటారు. ఇండియా నుంచి వచ్చేవాళ్ళని పెరూ మామూలుగా అడగదు. మనదేశం అడుగుతుంది. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో పెరూ ఉంది, అలాంటి దేశం నుంచి బయల్దేరి 6 రోజుల లోపు టీకా కార్డు లేకుండా ఇండియాలో దిగితే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఇక్కడి ఎయిర్‌పోర్టు ఆరోగ్య అధికారులకి ఉంది. మీరు కుస్కో (మాచు పిచ్చుకి వెళ్ళేవాళ్ళు ముందు దిగే ఊరు) కొండల మీదే తిరిగారా, అడవిలోకి వెళ్ళారా అన్నది వాళ్ళకి అనవసరం. ఇక ఇకీటోస్, ప్యూర్టో మాల్డొనాడో లాంటి అమెజాన్ వైపు వెళ్ళేవాళ్ళకి టీకా ఆరోగ్యానికే అవసరం.

అమెరికా నుంచి పెరూ వెళ్ళి మళ్ళీ అమెరికాకే వచ్చేవాళ్ళని ఈ కార్డు అడగరు. కానీ పెరూ నుంచి వచ్చిన వారంలోనే ఇండియా ప్రయాణం ఉంటే ఆ 6 రోజుల లెక్క చూసుకోండి.

టీకా ఎక్కడపడితే అక్కడ వేయించుకుంటే చెల్లదు, కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉన్న సెంటర్లోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్ ఉన్నాయి. వారంలో అన్ని రోజులూ వేయకపోవచ్చు కాబట్టి ముందు ఫోన్ చేసి, రోజూ టైమూ అడిగి, ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని వెళ్ళండి.

వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుబాటు మొదలవుతుంది. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది, పదేళ్ళకోసారి అన్న పాత రూలు 2016లో పోయింది. పాత కార్డు మీద పదేళ్ళ గడువు రాసి ఉన్నా మళ్ళీ వేయించుకోనక్కర్లేదు.

కార్డు తీసుకున్న వెంటనే కౌంటర్ వదలకముందే చూడాల్సినవి: పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, పాస్‌పోర్టు నంబరులో అంకె తప్పు పోలేదు కదా, టీకా తేదీ, బ్యాచ్ నంబరు, డాక్టర్ సంతకం, సెంటర్ ముద్ర. ముద్ర సగం పడి అక్షరాలు కనిపించకపోతే మళ్ళీ వేయమనండి, మొహమాటపడకండి.

9 నెలల లోపు పిల్లలకి ఈ టీకా వేయరు. గుడ్డు అలర్జీ ఉన్నవాళ్ళు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు, 60 దాటినవాళ్ళు ముందు తమ డాక్టర్‌తో మాట్లాడాలి. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఈ పని టికెట్ కొనకముందే చేయండి. టీకా పడదని డాక్టర్ చెబితే ప్రయాణం గురించే మళ్ళీ ఆలోచించాల్సి వస్తుంది.

6. లిమాలో దిగాక

లిమా ఎయిర్‌పోర్టు పేరు హోర్హే చావెజ్, 2025 జూన్ నుంచి కొత్త టెర్మినల్ నడుస్తోంది. పాత వ్లాగులు చూసి దారి గుర్తుపెట్టుకుంటే ఉపయోగం లేదు.

ఇదివరకు ఎప్పుడు దిగారో, ఎన్ని రోజులు ఉండొచ్చో రాసి చేతికి ఒక కాగితం ఇచ్చేవాళ్ళు, టీఏఎమ్ అనేవాళ్ళు. ఇప్పుడు ఎయిర్‌పోర్టులో అది ఆన్‌లైన్ రికార్డుగా మారింది. దాన్ని నింపిపెడతాం అని డబ్బు అడిగే సైట్లకి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. పాస్‌పోర్టులో ముద్ర పడకపోయినా టెన్షన్ పడకండి. ఎన్ని రోజులు ఇచ్చారన్నది ఆఫీసర్ నిర్ణయం, మీ ట్రిప్పుకి సరిపడా ఇచ్చారో లేదో చూసుకోవడం మీ పని. హోటల్‌కి వెళ్ళాక మిగ్రాసియోనెస్, అంటే పెరూ ఇమ్మిగ్రేషన్ శాఖ సైట్లో పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ కొట్టి మీ టీఏఎమ్ తీసుకోండి. అందులో పేరు, దిగిన తేదీ, రోజుల సంఖ్య కనిపిస్తాయి. ఆ రోజులు దాటితే రోజుల లెక్కన జరిమానా కట్టాకే దేశం వదలనిస్తారు.

ఆ ప్రింటుతో ఇంకో లాభం ఉంది. 60 రోజుల లోపు ఉండే విదేశీ టూరిస్టులకి హోటల్ బిల్లు మీద 18 శాతం పన్ను ఉండదు, పాస్‌పోర్టు, ఎంట్రీ ఆధారం చూపించాలి. కొన్ని హోటళ్ళవాళ్ళు అడిగితే తప్ప తీసేయరు, అడగండి.

రోడ్డు మార్గంలో, ముఖ్యంగా పూనో వైపు నుంచి బొలీవియాకి వెళ్ళొచ్చేవాళ్ళు రెండు వైపులా ఇమ్మిగ్రేషన్ ఆఫీసు దగ్గర ఆగి ఎగ్జిట్, ఎంట్రీ రికార్డు చేయించుకోవాలి. బస్సు ఆపకపోతే మీరే ఆపమనండి. ఎంట్రీ లేకుండా లోపల ఉన్నట్టు తేలితే లిమా ఎయిర్‌పోర్టులో వదలరు. బొలీవియాకి వీసా రూల్స్ వేరే, పెరూ మినహాయింపు అక్కడ పనిచేయదు.

సామాను సంగతి. పళ్ళు, కూరగాయలు, విత్తనాలు, మాంసం, పాల పదార్థాల మీద సెనాసా అనే శాఖ తనిఖీ ఉంటుంది. కరివేపాకు రెబ్బలు, పచ్చిమిరపకాయలు, ఇంటి నెయ్యి పెట్టుకోకండి. కందిపొడి, పులిహోర పేస్టు లాంటివి కంపెనీ ప్యాకెట్లలో సీలు తీయకుండా పెట్టుకుని, కస్టమ్స్ ఫారంలో ఆహారం ఉందని రాయండి. రాసి చూపిస్తే మహా అయితే తీసేసుకుంటారు, దాచితే జరిమానా. నగదు 10,000 డాలర్లు దాటితే డిక్లేర్ చేయాలి, 30,000 దాటి తీసుకెళ్ళడమే కుదరదు. డాలర్ నోట్లు కొత్తవి తీసుకెళ్ళండి. అంచు కొంచెం చిరిగిన నోటుని, పెన్ను గీత ఉన్న నోటుని అక్కడ మార్చేవాళ్ళు వెలుతురులో తిప్పి చూసి వెనక్కి ఇచ్చేస్తారు.

7. మాచు పిచ్చు టికెట్‌కీ పాస్‌పోర్టే

ఇది దేశంలోకి ఎంట్రీ కాదు గానీ అక్కడ అడిగేదీ పాస్‌పోర్టే కాబట్టి రాస్తున్నా. రోజుకి మామూలుగా 4,500 మందికి, రద్దీ రోజుల్లో 5,600 మందికి దాకా మాత్రమే టికెట్లు ఇస్తారు. ప్రభుత్వం అమ్మే సైటు “తుబొలేతో”. రూటుని బట్టి టికెట్ మారుతుంది, పాస్‌పోర్టు నంబరుతో కొనాలి, గేటు దగ్గర ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి, జిరాక్సు చూపిస్తే కుదరదు. టికెట్ కొన్నాక పాస్‌పోర్టు రెన్యూ అయితే పాతది కూడా వెంట తీసుకెళ్ళండి. ఇన్కా ట్రెయిల్, అంటే మాచు పిచ్చుకి కొండల్లో నడిచి వెళ్ళే దారి పట్టాలనుకునేవాళ్ళకి రోజుకి 500 పర్మిట్లే, గైడ్లూ పోర్టర్లూ అందులోనే, ఫిబ్రవరిలో మూసేస్తారు.

ఇంకోటి, కుస్కో 3,400 మీటర్ల ఎత్తులో ఉంది, మాచు పిచ్చు 2,430 మీటర్లే. లిమా నుంచి నేరుగా కుస్కోలో దిగి అదే రోజు తిరగాలని ప్లాన్ వేసుకోకండి. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్ళకి ముందే డాక్టర్ సలహా తీసుకోండి.

8. తిరిగి వచ్చేటప్పుడు

కుస్కోలో హోటల్ రిసెప్షన్‌లోనే కోకా ఆకులు (కొకైన్ తీసేది ఈ ఆకు నుంచే), కోకా టీ పెడతారు, కొండ ఎత్తుకి మంచిదని తాగమంటారు. అక్కడ చట్టబద్ధమే. కానీ బజారులో అందమైన డబ్బాల్లో అమ్మే కోకా టీ బ్యాగులు, కోకా చాక్లెట్లు సూట్‌కేసులో వేసుకోకండి. ఇండియాలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కిందికి కోకా ఆకు వస్తుంది, అమెరికాలోనూ తీసుకురావడం నేరమే. ఉద్యోగంలో డ్రగ్ టెస్ట్ ఉన్నవాళ్ళు అక్కడ తాగడం కూడా మానుకోవడం మేలు, పరీక్షలో బయటపడొచ్చు. ఆఫీసులో పంచడానికి ఏదైనా కొనాలంటే పెరూ కాఫీ, చాక్లెట్ బోలెడు దొరుకుతాయి, లేబుల్ మీద “కోకా” అని ఉందో “కకావ్” అని ఉందో మాత్రం చదివి కొనండి. కకావ్ అంటే చాక్లెట్ చేసే గింజ, అదైతే ఇబ్బంది లేదు.

ఎల్లో ఫీవర్ కార్డు చెక్-ఇన్ లగేజీలో పెట్టకండి. ఇండియాలో దిగాక బ్యాగుల బెల్టు దగ్గరికి చేరకముందే హెల్త్ కౌంటర్లో అది అడుగుతారు.